చర్చిలో వక్కలు దంచిన చప్పుడు

ఆ శనివారం పొద్దున ఆ ఇంట్లో ఉన్నవాళ్లు నలుగురు. వాకిట్లో మంచం మీద కాళ్లు చాపుకొని కూర్చున్న ముసలమ్మ మొగిలమ్మ. నెక్కొండ నుంచి ప్యాసింజర్ బండికి వచ్చి, ఇంకా కాళ్లయినా కడుక్కోని ఆమె బిడ్డ కళావతి. దర్వాజ పక్కన వైరు చుట్టలు భుజానికి ఎత్తుకుంటున్న కొడుకు పాండురంగం. పొయ్యి దగ్గర, ఎవరి మొహమూ చూడకుండా చాయ్ వడబోస్తున్న కళావతి కూతురు అనసూయ.

లోపలి అర్రను లెక్కలోకి తీసుకోకపోతే నలుగురు. మొగిలమ్మ మాత్రం తీసుకుంటుంది. కోడలు సావిత్రి ఆ అర్రలోనే పోయింది. రోజూ మధ్యాహ్నం ముసలమ్మ వక్కల రోలు పట్టుకొని అక్కడికే పోతుంది. తలుపు దగ్గరికి వేసుకొని, ఖాళీ మంచంతో ముచ్చట పెడుతుంది.

"నన్నొక్క మాట అడగకుంట నా బిడ్డను ఎట్ల ఖాయం చేస్తవే అవ్వా?" కళావతి చేతిలో సంచి కింద పెట్టకుండానే అడిగింది.

"ఎవలకు చేస్తాన్ననే? పరాయోనికా? నీ తమ్మునికి. మేనమామకు మేనకోడలు. ఊర్లె ఎవలన్న తప్పు పడ్తరా?"

"సావిత్రి పోయి యాడాది కాలె. ఆ పిల్ల మంచం ఇంకా లేపనే లేదు."

"నాకు దినాలు తెల్వయా? పెండ్లి తర్వాత. ఇయ్యాల పూలు పండ్లు పెట్టుకుందాం. మాట ఒక్కటి ఉంటది."

"అనసూయ ఇంటర్ చదువుతాందే. చదువుకుంటదని నీ దగ్గర తోలిన."

"చదువుమను. వద్దన్ననా? పుస్తె ఉంటే అచ్చరాలు కనపడయా?"

కళావతి కూతురి వైపు చూసింది. అనసూయ చాయ్ గిన్నె వైపు చూసింది. ఆ పిల్ల పెద్దల నడుమ నోరు తెరిచింది ఎన్నడూ లేదు. ఊళ్లో బడిలో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేది కాదు. 

"తమ్మి ఏమంటాండు?" అంది కళావతి చివరికి.

"వాన్ని అడిగిన. తలూపిండు."

చాయ్ గిన్నె అంచు దాటి అనసూయ వేళ్ల మీద పడింది. ఆమెకు మంట తెలియలేదు.

తలూపిండు! మామ తల ఊపితే అర్థమేమిటో అనసూయకు తెలుసు. అమ్మమ్మకూ తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలియదు. జాతరలనీ, మీటింగులనీ ఏళ్ల తరబడి మైకు హారన్ల కింద నిలబడి నిలబడి పాండురంగం చెవులు పోయాయి. ఎదురుగా నిలబడి, నెమ్మదిగా, పెదవులు కనపడేలా మాట్లాడితే కొంత అందుతుంది. పక్క నుంచి అన్న మాట ఏదీ అందదు. అందని ప్రతిమాటకూ ఆయన తల ఊపుతాడు. మైకు సెట్టు మనిషికి చెవుడని బయట పడితే ఇంక ఎవరు పిలుస్తారు?

బతికినన్ని రోజులు సావిత్రే ఆయన చెవులు. ఎక్కడ మైకు పెట్టినా జనం వెనక్కి పోయి నిలబడేది. చెయ్యి దించితే తగ్గించు, ఎత్తితే పెంచు, పిడికిలి బిగిస్తే మాట ముద్దగా వస్తోందని. ఇప్పుడు ఆ చేతులు అనసూయవి. వైరు మోసే పిల్ల అని జనం అనుకుంటారు.

"ఏం తమ్మీ," కళావతి గొంతు పెంచింది. "అవ్వ అంటాంది నిజమేనా? నీకు ఇష్టమేనా?"

పాండురంగం అటు తిరిగి చుట్ట విప్పుకుంటున్నాడు. అక్క నీడ కదిలింది కాబట్టి ఏదో అడిగిందని తెలిసింది. తిరిగి చూసి నవ్వాడు. తల ఊపాడు.

"సూస్తివా?" అంది మొగిలమ్మ.

కళావతి సంచి కింద పెట్టింది. అది ఒప్పుకున్నట్టో, అలిసిపోయినట్టో అనసూయకు తెలియలేదు. మామకు వినపడలేదమ్మా అనే మాట ఆమె గొంతు దాకా వచ్చింది. అంటే మామ బతుకు బజారున పడుతుంది. అనకపోతే తన బతుకు ఈ వాకిట్లోనే తెల్లారిపోతుంది. ఆమె చాయ్ గ్లాసుల్లోకి పోసింది.

"నడువ్ అనసూయా," అన్నాడు పాండురంగం. "రేపు క్రిస్మస్ ముందటి ఆరాధన. చర్చి అయ్యగారు ఇయ్యాల ఎట్లనన్న పని కావాలన్నడు."

దర్వాజ దాటుతుంటే అమ్మమ్మ వెనక నుంచి అంది. "పో బిడ్డా. సావిత్రి నిలబడ్డ కాడ్నే నిలబడు."

*

చర్చి ఇంటి వెనకే. ప్రహరీ గోడలో అటు పోవడానికి చిన్న దిడ్డి ఉంది. పొడుగాటి హాలు, రాతి గోడలు, ఎంతో ఎత్తున కప్పు. అక్కడ ఒక మాట అంటే గోడలు దాన్ని పది మాటలు చేసి తిరిగిచ్చేవి. ముందు బెంచీల వాళ్లకు ప్రసంగం, వెనక బెంచీల వాళ్లకు తేనెటీగల మోత. పాండురంగం మొదట హారన్లు పెంచాడు. మోత ఇంకా పెరిగింది.

"పెద్దగ చేస్తే కాదు. గోడను మూగ చెయ్యాలె," అన్నదట సావిత్రి. అప్పటికే ఆమె మంచాన పడింది. పడుకున్న చోటి నుంచే వినాలని, ఆయన చర్చి నుంచి ప్రహరీ మీదుగా వైరు లాగి, లోపలి అర్రలో ఆమె తలాపున ఒక చెక్క డబ్బా స్పీకరు కొట్టాడు. ఆ వైరుకు గుర్తుగా ఎర్ర గుడ్డ పేలిక కట్టాడు. ఆమె మంచంలోంచి విని మాట పంపేది. 

తర్వాత ఆయన మేడారం జాతరకు మైకు పని మీద పోయాడు. తిరిగి వచ్చేసరికి సావిత్రి లేదు. జరం అన్నారు. ఆయన తల ఊపాడు.

ఇప్పుడు ఆమె చెప్పినట్టే చేశాడు. హారన్లు దించేశాడు. స్తంభానికొక చిన్న డబ్బా, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తున. గోడల నిండా కొత్తవాడ నేతగాళ్ల దగ్గర తెచ్చిన మందపాటి జంపఖానాలు వేలాడగట్టాడు. ఎరుపు, నీలం చారల బట్టలు కప్పుకొని హాలు ఒక పెద్ద పెట్టె లోపలిలా ఉంది. 

చర్చి ఊడ్చే సమ్మమ్మ మెట్ల మీదనే చీపురు పట్టుకొని కూర్చుంది.

"నేను లోపటికి రాను బిడ్డా," అంది. "మీరు ఆ గుడ్డలు కట్టినప్పటి సంది గోడలు ఊపిరి తీస్తానయి."

"గోడలెట్ల ఊపిరి తీస్తయి పెద్దమ్మా?" 

"నిన్న మిట్టమధ్యాహ్నం ఊడుస్తాన్న. ఎవలో దంచుతాండ్లు. టక్కు, టక్కు. స్తంభాలల్ల నుంచి. వక్కలు దంచినట్టు. మా సంఘంల ఇంతమంది చచ్చిపోయిండ్లు, ఒక్కలన్న వక్కలు అడుగలే. ఇదేందో మీ ఇంటి దయ్యమే." 

అనసూయ నవ్వబోయింది. సమ్మమ్మ మొహంలో నవ్వు లేదు.

"సావిత్రమ్మనే అనుకున్న నేను," అంది గొంతు తగ్గించి. "ఆ రోజు దవాఖాన మోటరు బండి వట్టిగ మర్లిపాయె. ఆ పిల్ల ఉసురు ఎటు పోతది?"

"ఏ మోటరు?"

"నీకు చెప్పలేదా? మీ మామ జాతరల ఉండె. అయ్యగారు మిషన్ దవాఖానకు కబురు చేస్తే, నర్సమ్మను తోల్కొని నేనే మీ వాకిట్లకు వచ్చిన. మీ అమ్మమ్మ అడ్డం నిలబడ్డది. అమ్మోరు తల్లి పోసింది, మందు తాకితే తల్లికి కోపమొస్తది అన్నది. నర్సమ్మ కిటికీల నుంచి సూసి, ఇది తల్లి కాదు, జరం ఛాతిలకు దిగింది అన్నది. అంతే, మీ అమ్మమ్మ మా మొహం మీద తలుపేసింది."

అనసూయ అప్పుడు ఊళ్లో ఉంది. ఈ ఇంటికి వచ్చింది సావిత్రి అత్త పోయిన తర్వాతే.

"మామకు తెలుసా?"

"అయ్యో, దినాల నాడు నేనే చెప్పిన గద! మొత్తం విన్నడు. తలూపిండు. ఎంత ఓర్పు మనిషి అనుకున్న."

అనసూయ వేళ్ల మీద చాయ్ కాలిన చోట ఇప్పుడు మంట పుట్టింది.

*

మధ్యాహ్నానికి లోపల పాండురంగం అంప్లిఫయర్ ముందు కూర్చున్నాడు. ఎర్ర దీపం వెలిగింది. అనసూయ నడుచుకుంటూ చివరి బెంచీ దాకా పోయింది. తన అడుగుల చప్పుడు తనకే వినపడలేదు. మొన్నటిదాకా చెప్పు కిర్రుమన్నా వెంటపడి వచ్చిన హాలు ఇది. ఇప్పుడు దేన్నీ తిరిగి ఇవ్వడం లేదు. తీసుకొని దాచుకుంటోంది.

"ఒకటి... రెండు... మూడు..." 

మామ గొంతు పక్కనే నిలబడి చెప్పినట్టు వచ్చింది. ఏ మాటకా మాట విడివిడిగా. అనసూయ అరచెయ్యి చాచి చూపింది. బాగుందని గుర్తు. అత్త చెప్పింది నిజమైంది. గోడ మూగదైంది.

ఆయన మైకు కింద పెట్టాడు. 

మూగ హాల్లో మొదట సన్నటి గుంయ్ శబ్దం. దాని వెనక ఊపిరి. 

ముసలి ఊపిరి. పీల్చడం, ఆగడం, వదలడం. అది ఒక్క చోట లేదు. అన్ని స్తంభాలూ ఒకేసారి పీల్చాయి. ఒకేసారి వదిలాయి.

తర్వాత టక్కు, టక్కు.

అనసూయ బెంచీ అంచు పట్టుకుంది. ఆమె మామ వైపు చూసింది. ఆయన ప్రశాంతంగా వైరు తుడుస్తున్నాడు. ఆయన తల పక్కనే ఉన్న డబ్బాలోంచి రోలు చప్పుడు వస్తోంది. ఆయనకు లేదు. ఇంత పెద్ద హాల్లో అది ఆమె ఒక్కదానికే ఉంది.

"సావిత్రీ," అన్నాయి స్తంభాలు.

ఆమె చెవికి జానెడు దూరంలో ఉన్న డబ్బా కూడా అంది. అరుపు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే ఆ గొంతు చచ్చినవాళ్లది కాదు.

అమ్మమ్మది.

ఆమె కళ్లు వైరు వెంట పోయాయి. అంప్లిఫయర్ వెనక, మైకు వైరు పెట్టే రంధ్రంలో ఎర్ర గుడ్డ పేలిక వేలాడుతోంది. అర్రలోని డబ్బా వైరు అది. స్పీకర్ల వరుసలో ఉండాల్సినది మైకు వరుసలో ఉంది. స్పీకరును అటు తగిలిస్తే అది మాట్లాడటం మానేసి వినడం మొదలుపెడుతుందని మామే ఒకసారి ఆటగా చూపించాడు. నిన్న వైర్లన్నీ కొత్తగా కలిపినప్పుడు, తెంపబుద్ధి కాక ఆ వైరునూ కలిపి ఉంటాడు. చెవులున్నవాడైతే మరుక్షణమే పట్టుకునేవాడు. 

పాండురంగం తల ఎత్తి ఆమె మొహం చూశాడు. లేచి గబగబా వచ్చాడు.

"ఏంది? డబ్బా కూత పెడ్తాందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆయన స్తంభం మీది డబ్బాకు అరచెయ్యి ఆనించాడు. చేతితో వినడం ఆయనకు అలవాటు. కాసేపు అలాగే ఉండి, మెల్లగా అన్నాడు. "కూత కాదు. మనిషి గొంతు. ఎవలు?"

"అమ్మమ్మ."

"ఏమంటాంది?"

ఆమె నేల చూపులు చూసింది. ఆయన వంగి ఆమె మొహానికి ఎదురుగా మొహం పెట్టాడు.

"అనసూయా. మొదటి రోజు నీకేం చెప్పిన? చెవుల పడ్డది పడ్డట్టు చెప్పాలె. ఒకటి కలుపద్దు, ఒకటి తియ్యద్దు. ఏమంటాంది?"

ఎన్నడూ పదిమందిలో నోరు తెరవని పిల్ల తెరిచింది. స్తంభం ఒక మాట అంటే, ఆమె ఒక మాట అంది.

"సావిత్రీ... నా మీద కోపం ఇడిసిపెట్టు... నువ్వు ఆ డబ్బా దిక్కు మొహం పెట్టి పోయినవు... ఆయనను పిలువు పిలువు అని డబ్బాతోని మాట్లాడినవు... దానికి చెవులు లేవని నీకు జరంల యాదికి లేకపాయె..."

పాండురంగం పెదవులు ఆమె పెదవులతో పాటే కదులుతున్నాయి.

"నేను కబురు పంపలే... జాతర పని ఇడిసి వస్తడనుకున్న... తల్లి పోసిందనుకున్న... నర్సమ్మ వస్తే... నేను..." 

ఆమె ఆగింది. స్తంభాలు ఆగలేదు.

"చెప్పు," అన్నాడాయన.

"నేను తలుపేసిన."

ఆ మాట తన నోటి నుంచి తన మాటలాగే వచ్చింది. తానే ఆ తలుపు వేసినట్టు అనసూయకు అనిపించింది. రోలు మళ్లీ మోగింది. టక్కు, టక్కు. ఆమె చెబుతూ పోయింది. ఇప్పుడు ఆపడం ఆమె చేతిలో లేదు.

"ఇగ నన్ను సతాయించకు... నీ మంచం మీద ఇంకో పిల్లను పండవెడ్త... నీ చీర కట్టిపిస్త... నీ గాజులు ఏపిస్త... అనసూయను తీసుకో... తీసుకొని నన్ను ఇడిసిపెట్టు... వాడు గూడ తలూపిండు..."

పాండురంగం చెయ్యి డబ్బా మీది నుంచి జారింది.

"నేనెప్పుడు తలూపిన?"

"పొద్దుగాల. అమ్మ అడిగినప్పుడు. అంతకుముందు అమ్మమ్మ అడిగినప్పుడు గూడ అట."

"అక్క చాయ్ తాగినవా అన్నదనుకున్న," అన్నాడాయన. ఇంకేదో అడగబోయి, ఆగి, సమ్మమ్మ కూర్చున్న మెట్ల వైపు చూశాడు. దినాల నాడు ఆమె తన ముందు నిలబడి చాలాసేపు మాట్లాడటం, తాను తల ఊపడం ఆయనకు ఇప్పుడే యాదికి వచ్చినట్టుంది. 

ఆయన దిడ్డి వైపు నడిచాడు. అనసూయ వెనకే పరుగెత్తింది. అంప్లిఫయర్ మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. గేటు దగ్గర, రేపటి పాటలు నేర్చుకోవడానికి ఆడవాళ్లు ఒక్కరొక్కరే లోపలికి వస్తున్నారు.

*

వాకిట్లో కళావతి తులసికోట పట్టుకొని నిలబడి ఉంది.

"అనసూయా, ఇదేం ఇల్లే? అవ్వేమో అర్రల ఉన్నది. గొంతేమో గోడ అవతల వినొస్తాంది. నర్సమ్మ అంటాంది, తలుపేసిన అంటాంది. ఏందే అది?"

పాండురంగం అక్కను దాటి పోయాడు. లోపలి అర్ర తలుపు తోశాడు.

రోలు ఆగింది.

మంచం మీద పచ్చచీర మడత పెట్టి ఉంది. దాని మీద ఆకుపచ్చ గాజులు. అప్పుడే ఎవరో విప్పి పెట్టినట్టు, అప్పుడే ఎవరో తొడుక్కోబోతున్నట్టు. మంచం పక్కన నేల మీద మొగిలమ్మ. తలాపున, గోడ మీద చెక్క డబ్బా.

"అవ్వా," అన్నాడు పాండురంగం. "ఆ రోజు నర్సమ్మ వచ్చిందా?"

ముసలమ్మ కొడుకు మొహం చూడలేదు. ఆయన భుజం మీదుగా గడపలో నిలబడ్డ అనసూయను చూసింది. 

"మంచి చెవులే దొరికినయి కొడుకా నీకు," అంది.

"వచ్చిందా అవ్వా? నా దిక్కు మొహం పెట్టి చెప్పు."

"చెప్త. అన్ని చెప్త. నీకు తెల్వనియి ఇంకా ఉన్నయి. ఆ పిల్ల ముందట కాదు." మొగిలమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "దాని సంగతి గూడ ఇయ్యాల్నే తేల్చుకుందాం. ఉంచుకుంటవో, ఊరికి తోలుతవో."

అనసూయ చూపు డబ్బా మీదే ఉంది. గోడ అవతల ఆడవాళ్ల పాట మొదలై, సగంలో తెగిపోయింది. అమ్మమ్మ మాట ముందు ఇక్కడ, వెంటనే అక్కడ వినిపిస్తోంది. రేపు ఊరంతా ఏం చెప్పుకుంటుందో, మామ చెవుల సంగతి, అత్త చావు సంగతి, తన సంగతి, అన్నీ ఆ చిన్న చెక్క పెట్టెలోంచి పోబోతున్నాయి. మామ వీపు తన వైపు ఉంది. ఎంత అరిచినా ఆయనకు అందదు.

"అమ్మమ్మా!" అంది. ఆ ఇంట్లో ఆమె గొంతెత్తడం అదే మొదలు. "ఆ డబ్బా... అమ్మమ్మా, ఆ డబ్బాకు చెవులు..."

"నువ్వు చెవులవే," అంది మొగిలమ్మ. "నీకు నోరు ఎప్పుడొచ్చింది?"

తలుపు అనసూయ మొహం మీద మూసుకుంది. 

గడియ పడిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. ఒకటి తలుపు అవతల. రెండోది ప్రహరీ అవతల, పాట ఆగిపోయిన చర్చిలో.